రెండో గీత

మా ఆయన పనిచేసిన బొగ్గుగనిని గోదావరిఖనిలో మేమంతా బాయి అనే అంటాం. బాయిలోకి దిగేవాళ్ళు అగ్గిపెట్టె, బీడీకట్ట, ఫోను ఏవీ వెంట తీసుకుపోకూడదు. లోపల కంటికి కనపడని గ్యాసు ఉంటుంది, దాని దగ్గరికి నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ పోకూడదని రూలు. ఆయన పొద్దున ఏడింటి షిఫ్టుకు పోయి, టోపీకి తగిలించుకునే దీపాలిచ్చే ల్యాంప్ రూంలో ఫోను స్విచ్చాఫ్ చేసి, అక్కడి మనిషి చేతిలో పెట్టి దిగేవాడు. కాబట్టి మధ్యాహ్నం మూడు దాటేదాకా నేనెప్పుడు ఫోన్ చేసినా ఒకావిడ పలికి, మీరు ప్రయత్నిస్తున్నవారు స్విచ్చాఫ్ చేసి ఉన్నారని తియ్యగా చెప్పేది. ఆ గొంతు వింటే నాకు నిమ్మళంగా ఉండేది. ఆయన దిగాడు, పనిలో ఉన్నాడు, అంతే కదా.

పైకొచ్చి, దీపం అప్పజెప్పి, ఫోను చేతికి తీసుకోగానే ఒక్క రింగు ఇచ్చి కోసేసేవాడు. పైకొచ్చిన, బియ్యం పెట్టు అని దాని అర్థం. మా క్వార్టర్ల లైనులో మూడుంబావు అయ్యేసరికి ఇంటింటా ఒక్కో రింగు మోగి ఆగిపోయేది. ఎవరూ ఎత్తరు. ఎత్తడం తప్పు. పక్క క్వార్టర్‌లోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మొదటి రోజు ఎత్తి హలో అన్నదని వాళ్ళాయన ఇంటికొచ్చి లబలబలాడాడు. ఆమె వచ్చి నాతో చెప్పి కడుపుబ్బా నవ్వింది. ఆమెకు దేనికైనా నవ్వే. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ళాయనా మా ఆయనా ఒకే గ్యాంగులో పనివాళ్ళు. పైకప్పు కూలకుండా లోపల దుంగలు దన్ను పెట్టేది ఆ గ్యాంగే.

ఇలా ఒక్క రింగుతో మా బతుకు సాఫీగా నడుస్తుండగా కరీంనగర్‌లో డిగ్రీ చదివే మా అమ్మాయి సెలవులకొచ్చింది. చేతిలో బటన్లు లేని ఫోను. రెండు రోజులు మా పాత ఫోన్లను చూసి ముక్కు చిట్లించి, ఆఖరికి వాళ్ళ బాపును బజారుకు లాక్కుపోయి మా ఇద్దరికీ అలాంటివే కొనిపించింది. సాయంత్రం ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"ఇండ్ల నెట్టు ఉన్నదమ్మా. తీగ లేదు, ఏం లేదు. గాలిల వస్తది."

మా ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ గాలిల బిడ్డా? లోపటికి పోయే గాలిలనా, బయటికి వచ్చే గాలిలనా?"

బాయిలో గాలి రెండు రకాలు. మంచిగాలి ఒక దారిన లోపలికి పోతుంది, చెడిపోయిన గాలిని పెద్ద ఫ్యాను ఇంకో దారిన బయటికి గుంజుతుంది. ఇరవై ఏళ్ళు ఆ రెండు గాలుల మధ్యనే బతికిన మనిషికి గాలి అంటే ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో, అందులో ఏం కలిసిందో తెలియాలి. పిల్ల తెల్లముఖం వేసింది. నేను నవ్వాను గానీ నాకు మాత్రం ఏం తెలుసు? ఆయన అడిగింది నాకు సబబుగానే తోచింది.

ఆ తర్వాత నెల రోజులు నేను పడ్డ గోస ఇంతా అంతా కాదు. ఫోను అంటే మాట్లాడేది అని కదా నా లెక్క. ఇది మాట్లాడటం ఒక్కటి తప్ప అన్నీ చేస్తోంది. పాటలు పాడుతుంది, రైలు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది, రేపు ఎండ ఎంతుంటుందో చెబుతుంది. మా అమ్మాయి హాస్టల్లో తిన్న కంచం ఫోటో పంపితే ముందు మసకమసకగా వచ్చి, తర్వాత మెల్లమెల్లగా తేటపడింది. అది ఇప్పుడు తింటోందా, తిని చెయ్యి కడిగిందా, నేను చూసేది జరుగుతున్నదా, జరిగిపోయినదా? అడిగితే "అమ్మా, నీకెందుకవన్నీ" అనేది. ఒకసారి రవికె కొలతలు ఇవ్వడానికి ఇద్దరాడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను వరండాలో కుట్టుమిషను పెట్టుకుని లైన్లో వాళ్ళకు రవికెలు కుట్టేదాన్ని. నా వేలు ఎక్కడ తగిలిందో, ఫోనులో ఎవరో వంటావిడ గుత్తివంకాయ ఎలా వండాలో గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ నొక్కినా ఊరుకోదు. చివరికి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. బియ్యంలోంచి కూడా ఆవిడ ఉప్పు తగినంత వెయ్యమంటూనే ఉంది. వాళ్ళిద్దరూ పోయి లైనంతా చెప్పారు.

నెట్టు మా ఇంట్లో సరిగా అందేది కాదు. పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర నిలబడితే బాగా అందేది. పక్కింటి అమ్మాయి దాన్ని కనిపెట్టి, "తీగ లేకుంట వస్తదన్నరు, తీగ కాడికే వస్తున్నది సూడక్కా" అని నా ఫోన్ను బట్టల క్లిప్పుతో ఆ తీగకే తగిలించింది. కొన్నాళ్ళు అదే దాని చోటు. చీరలు, లుంగీలు, మధ్యలో ఫోను.

మెసేజీలు పెట్టడం మాత్రం నాకు పట్టుబడింది. మా అమ్మాయి వెళ్ళేముందు అది ఒక్కటే ఓపికగా నేర్పింది. "ఒక్క గీత పడితే నీ కాడికెళ్ళి పోయినట్టు. రెండు గీతలు పడితే బాపు ఫోనుకు చేరినట్టు. గంతే." ఫోనుకు చేరితే మనిషికి చేరినట్టే అనుకున్నాను. అలా కాక ఇంకెలా అనుకుంటారు? ఫోను మనిషి జేబులోనే కదా ఉండేది.

పగలు పదకొండింటికో పన్నెండింటికో మెసేజ్ పెట్టేదాన్ని. చింతచిగురు పప్పా, బెండకాయ పులుసా? ఒక గీత పడి ఊరుకునేది. ఆయన కింద, ఫోను స్విచ్చాఫ్. మూడుంబావుకో, మూడున్నరకో ఠక్కున రెండో గీత. ఫోను తెరిచాడు, పైకొచ్చాడు. జవాబు రాకపోయినా సరే, నాకు కావలసిన కబురు అందినట్టే. అలా నెలలోపల మిస్డ్ కాల్ ఆగిపోయింది. "రింగు ఎందుకిస్తలేవ్?" అని నేనూ అడగలేదు, అవసరమేముంది? కొత్తొక వింత, పాతొక రోత.

పక్కింటాయనది పాత ఫోనే. కానీ ఆయన కూడా రింగు ఇవ్వడం మానేశాడు. ఇద్దరూ ఒకే గ్యాంగు, ఒకేసారి దిగుతారు, ఒకేసారి ఎక్కుతారు. మూడు దాటగానే ఆ అమ్మాయి పిట్టగోడ మీదినుంచి తొంగిచూసి "పడ్డదా అక్కా?" అనేది. "పడ్డది" అంటే పోయి పొయ్యి ముట్టించేది. లైన్లో ఇంకో ముగ్గురు నలుగురు కూడా నన్నే అడగడం మొదలుపెట్టారు. దాంతో నాకు కాస్త తలపొగరు వచ్చిన మాట నిజం. బియ్యం డబ్బాలో ఫోను దాచిన మనిషి ఇప్పుడు లైనంతటికీ కబురు చెబుతోంది మరి. ఆ పొగరు గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

ఇక్కడ మా ఆడవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. బాయిలో బండ పడిందని, అంటే పైకప్పు కూలిందని మాట వినపడితే, ఎక్కడి పని అక్కడ వదిలేసి బాయి గేటు దగ్గరికి పోతాం. ఎవరి మీద పడింది, ఎందరున్నారు అని అడుగుతూ ఇంట్లో కూర్చోం. లోపలినుంచి మనిషిని తెచ్చేటప్పుడు వాడికి ముందుగా ఇంటి మనిషి ముఖం కనపడాలని పెద్దవాళ్ళు చెప్పేవారు. ప్రాణంతో వచ్చినా అంతే, లేకుండా వచ్చినా అంతే. అంతకుముందు నేను రెండుసార్లు చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. రెండుసార్లూ మా ఆయన నడుచుకుంటూ వచ్చి "ఎందుకొచ్చినవ్, పని లేదా?" అని కసిరాడు. కసిరే ఆ ముఖంలో సంతోషం నాకు తెలుసు.

తెలంగాణ ఇవ్వాళ వస్తుంది, రేపు వస్తుందని టీవీల్లో పొద్దస్తమానం చెబుతున్న రోజులవి. ఆ రోజు పక్కింటి అమ్మాయి పన్నెండింటికి వచ్చి, ఊరికే కూర్చోవడమెందుకని నేను కుట్టిన రవికెలకు హుక్కులు వేస్తోంది. నేను పదకొండింటికే పుల్లకూర పప్పు చెయ్యనా అని మెసేజ్ పెట్టాను. ఒక గీత. ఒంటిగంటకు బట్టలు తియ్యడానికి పెరట్లోకి పోతే తీగమీద ఫోనులో రెండు గీతలున్నాయి.

"ఇంత జల్ది పైకొచ్చిన్రేంది?" అని పైకే అన్నాను.

"కరెంటు వోయిందేమో లోపట" అని ఆమె వరండాలోంచి అంది. "మంచిదే, జల్ది తింటరు."

పావుగంట కూడా కాలేదు. లైను చివరింటి అవ్వ కొంగు ఒక చేత్తో పట్టుకుని రోడ్డు మీద పోతూ మా గేటు దగ్గర ఆగింది. "బండ పడ్డదట. మీ వాళ్ళ బాయేనట. నడువున్రి."

పక్కింటి అమ్మాయి లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న హుక్కులన్నీ కింద పడ్డాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఫోను చూపించాను.

"ఎటు వోతవ్? గిది సూడు. మాయన పైకొచ్చిండు. మాయన వస్తే మీ ఆయన రాడా? ఇద్దరిది ఒకటే గ్యాంగాయె."

"నిజంగనా అక్కా?"

"నీ ముంగటనే ఫోన్ చేస్త ఆగు."

చేశాను. స్విచ్చాఫ్ అని చెప్పే ఆవిడ పలకలేదు. గణగణా రింగు మోగింది. ఎవరూ ఎత్తలేదు గానీ మోగింది. ఇంకేం కావాలి నాకు? "మోగుతున్నది. స్నానం చేస్తున్నరు గావచ్చు" అన్నాను. ఆమె అలాగే కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒక్క నిమిషం ఏడ్చింది, వెంటనే నవ్వింది. వాకిట్లో నిలబడ్డ అవ్వ నన్నో చూపు చూసి, "ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి" అని గొణుక్కుంటూ పోయింది. నేను పట్టించుకోలేదు. ఈ ముసలివాళ్ళకు కొత్తది చెబితే ఎక్కదని విసుక్కున్నాను కూడా.

అప్పటినుంచి మూడుంబావు దాకా మేమిద్దరం వరండాలోనే ఉన్నాం. లైను మొత్తం ఖాళీ అయింది. నేను సర్వపిండి కాల్చి పెడితే ఆమె రెండు తిన్నది. కిందపడ్డ హుక్కులు ఏరుకుని, ఒక్కోటీ కుడుతూ, పెళ్ళిలో వాళ్ళాయన బాసింగం జారి పందిట్లో ముగ్గు మీద పడిన ముచ్చట చెప్పింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి మా ఇద్దరికీ. మధ్యలో నేను ఇంకో మెసేజ్ పెట్టాను. దానికీ రెండు గీతలు. మళ్ళీ ఫోన్ చేశాను, మళ్ళీ మోగింది. ఎత్తకపోవడం నాకు కాస్త ఎలాగో అనిపించిన మాట అబద్ధం కాదు. అక్కడ గొడవగా ఉంటుంది, పైకొచ్చినవాళ్ళంతా సాయానికి నిలబడి ఉంటారని సర్దుకున్నాను. అనుమానం వచ్చినా ఆమెతో అనలేదు.

మూడుంబావుకు మా వెనక లైనులో ఉండే, బాయిలోనే పనిచేసే ఓ ఆపరేటర్ సైకిల్ దిగి వచ్చాడు. మా ఒళ్ళో రవికెలను, పక్కన సర్వపిండి కంచాన్ని చూసి, వరండా మెట్టు దగ్గరే ఆగాడు.

"చెల్లె, నువ్వు ఈడున్నవా? గేటుకాడ అంత దేవులాడిన నీకోసం. లే, నడువు. ఆటో తెస్త."

రెండున్నరకు వాళ్ళాయనను పైకి తెచ్చారట. ఊపిరి ఉందట, కళ్ళు తెరిచే ఉన్నాయట. గేటు దగ్గర స్ట్రెచరు ఒక్క నిమిషం ఆపి, ఇంటి మనిషి ఉందా అని అందరినీ అడిగారట. ఎవరూ పలకకపోయేసరికి అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయారట. ఇదంతా అతను నాకు చెప్పాడు. ఆమె అప్పటికే రోడ్డు మీదికి పోయింది. ఆమె ఆటోలో పోయి దవాఖాన చేరేసరికి ఆయన లేడు. దారిలోనే పోయాడన్నారు.

మా ఆయన ఆరింటికి వచ్చాడు. స్నానం చెయ్యలేదు, ముఖమంతా బొగ్గు. కూలిన చోటికి యాభై అడుగుల ఇవతల ఉండి బతికిపోయి, మూడు గంటలు చేతులతో బండలు లాగి, కింద ఇంకెవరూ లేరని తేలాక వచ్చాడు. వాకిట్లోనే కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగలేదు.

"గేటుకాడికి ఎందుకు రాలె?" అన్నాడు.

నేను ఫోను చూపించాను. రెండు మెసేజీలు, నాలుగు గీతలు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఫోను పైన ఉన్నది" అన్నాడు మెల్లగా. "నేను కింద ఉన్న."

తర్వాత తెలిసింది. కొత్త ఫోన్ల బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోందని ఆయన ఎప్పుడో ల్యాంప్ రూం మనిషితో మాటవరసకు అన్నాడట. రోజూ వందల దీపాలకు చార్జింగ్ పెట్టే చెయ్యి అది. పాపం, ఆ రోజు దీపాలతో పాటు మా ఆయన ఫోనుకూ పెట్టాడు. చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూద్దామని ఆన్ చేసి, అలాగే వదిలేశాడు. మర్నాడు మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడి "మంచికే వెట్టిన వదినా" అన్నాడు. నేను అతన్ని ఇష్టమొచ్చినట్టు తిట్టాను. అమ్మాయి ఫోనులో ఏడ్చింది. "ఫోనుకు చేరినట్టు అని చెప్పిన గదమ్మా." చెప్పింది, నిజమే. ల్యాంప్ రూం మనిషి చేసిందీ మంచి పనే. ఫోను కూడా అబద్ధం చెప్పలేదు, మెసేజ్ నిజంగానే దానికి చేరింది. ఎటు తిప్పి చూసినా అబద్ధం చెప్పింది నేనొక్కదాన్నే. అదీ అబద్ధమని తెలియక చెప్పాను. తెలియక చెప్పింది అబద్ధమవుతుందా, కాదా? రాత్రీ పగలూ ఇదే ఆలోచించి తల పగిలిపోయేది. ఎవరిమీదైనా కోపం ఒక రోజు కూడా నిలబడేది కాదు, చివరికి తిరిగి నా దగ్గరికే వచ్చేది.

దినాల్లో లైను ఆడవాళ్ళందరితో పాటు నేనూ వాళ్ళింట్లో చాకిరీ చేశాను. ఆమె ముఖం మాత్రం చూడలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అవ్వ కూడా అనలేదు, అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది. తర్వాత పిట్టగోడ వైపు పోవడం మానేశాను. ఆమె మెట్‌పల్లిలో తల్లిగారింటికి పోతోందని, క్వార్టర్ ఖాళీ చేస్తోందని ఎవరో చెబితే విన్నాను. సామాను సర్దిన మధ్యాహ్నం ఆమే మా వరండాలోకి వచ్చింది. నేను టీ పెట్టి ఇచ్చాను. మిషను పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

నాకిక ఉండబట్టలేదు. "ఆ రోజు నేను చెయ్యి వట్టుకోకుంటే నువ్వు ఆయన్ని చూసేదానివి" అన్నాను.

"సూసేదాన్ని" అంది. కాదని అనలేదు. "ఆయన గూడ నన్ను సూసేటోడు. కండ్లు తెరిచే ఉన్నయంట గదా."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. టీ గ్లాసును రెండు చేతుల్లో పట్టుకుని కిందికి చూస్తూ మాట్లాడింది.

"అందుకు నీ మీద మస్తు కోపమున్నదక్కా. తిడుదామనే వచ్చిన. తోవల ఇంకోటి యాదికొచ్చింది. బండ పడ్డదన్నప్పుడు నా కాళ్ళు సల్లవడ్డయి. నువ్వు పైకొచ్చిండు అన్నవు, పానం లేచొచ్చింది. గా రెండు గంటలు ఈడ కూసోని ఎంత నవ్విన్నో సూసినవ్ గదా. గా రెండు గంటలు నా మొగనికి ఏం గాలేదు. లోకమంత గేటుకాడ ఏడుస్తున్నది, నా మొగడు ఒక్కడు మంచిగున్నడు. గదిగూడ నువ్విచ్చిందే." ఆగి, తల ఎత్తి నన్ను చూసింది. "కోపం వట్టుకోవాల్నా, గది వట్టుకోవాల్నా? నాకైతే సమజైతలేదు. నీకేమన్న అయితున్నదా?"

నాకూ కాలేదు. ఇప్పటికీ కాలేదు. బయట వ్యాను డ్రైవరు హారన్ కొట్టేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.